హైదరాబాద్ – డాలస్: మధ్యలో అసలు దూరమెంత, ప్రయాణం ఎన్ని గంటలు?

#1 కూకట్‌పల్లి_కనెక్ట్

అందరికీ నమస్కారం. శంషాబాద్ నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి దూరం వెతికితే ఒక సైట్‌లో 14,420 అని, ఇంకోదాంట్లో 8,960 అని, మరోదాంట్లో 7,786 అని వస్తోంది. ఆ పేజీల్లోనే "ఫ్లైట్ టైమ్ 16 గంటలు" అంటున్నారు. టికెట్ చూస్తే 22 గంటల 10 నిమిషాలు, ఇంకో టికెట్‌లో 27 గంటలు. పైగా వెళ్ళేటప్పుడు ఉదయం ఎక్కితే అదే రోజు సాయంత్రం దిగుతున్నట్టు, వచ్చేటప్పుడు శనివారం ఎక్కితే సోమవారం దిగుతున్నట్టు ఉంది. ఈ లెక్కలు ఎలా చూడాలో తెలిసినవాళ్ళు వివరంగా రాయగలరా? ఏ ఊరి మీదుగా వెళ్తే దగ్గరో కూడా చెప్పండి. పెద్దవాళ్ళకు టికెట్ కొనాలి.

#2 గోళం_దారం

ముందు దూరం సంగతి. మీరు రాసిన మూడు అంకెలూ ఒకే దూరం. 14,420 కిలోమీటర్లు, 8,960 మామూలు మైళ్ళు, 7,786 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. చాలా సైట్లలో అంకె పక్కన కొలత చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూసుకోకపోతే గందరగోళమే.

ఇక ఆ 14,420 ఎలా వస్తుందో మీరే వేసి చూసుకోవచ్చు. శంషాబాద్ అక్షాంశం 17.24 ఉత్తరం, రేఖాంశం 78.43 తూర్పు. డాలస్ 32.90 ఉత్తరం, 97.04 పడమర. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాల తేడా కోసం రెండూ కలపాలి: 175.47 డిగ్రీలు. సూత్రం ఇది:

కొసైన్(కోణం) = సైన్(మొదటి అక్షాంశం) × సైన్(రెండో అక్షాంశం) + కొసైన్(మొదటిది) × కొసైన్(రెండోది) × కొసైన్(రేఖాంశాల తేడా)

అంకెలు వేస్తే 0.2964 × 0.5431 + 0.9551 × 0.8397 × (−0.9969) = −0.6385. ఆ కొసైన్ ఉన్న కోణం 129.68 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111.195 కి.మీ. గుణిస్తే 14,420.

ఎక్సెల్‌లో వేసేవాళ్ళు రెండు చోట్ల పొరబడతారు. ఒకటి, డిగ్రీలను రేడియన్లలోకి మార్చకుండా సైన్, కొసైన్ వేయడం. అప్పుడు అర్థంపర్థం లేని అంకె వస్తుంది, చూడగానే తెలిసిపోతుంది. రెండోది ప్రమాదకరం. పడమర రేఖాంశానికి మైనస్ పెట్టడం మరిచిపోతే తేడా 18.61 డిగ్రీలే అవుతుంది, జవాబు 2,550 కి.మీ. వస్తుంది. చూడటానికి నమ్మేలాగే ఉంటుంది. కానీ ఆ లెక్కలో మీరు చేరింది డాలస్‌కు కాదు, చైనాలో చింగ్‌హై రాష్ట్రంలోని యూషూ ప్రాంతానికి.

#3 నాచారం_నవ్య

గోడ మీద ప్రపంచ పటంలో చూస్తే హైదరాబాద్ నుంచి నేరుగా పడమరకు ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా వెళ్ళాలి కదండీ. విమానంలో సీటు ముందు తెరపై మాత్రం ఎప్పుడూ పైకి, గ్రీన్‌లాండ్ వైపు చూపిస్తారు. దగ్గరి దారి అదెలా అవుతుంది?

#4 గోళం_దారం

నవ్య గారూ, గోడ మీద పటం పక్కన పెట్టి గోళం తీసుకోండి. పిల్లల చదువు బల్ల మీద ఉండే చిన్న గోళమైనా చాలు. హైదరాబాద్ దగ్గర ఒక దారం కొసను వేలితో నొక్కి పట్టి, రెండో కొసను డాలస్ మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం తనంతట తానే పైకి జరుగుతుంది. ఎక్కడ ఆగిందో అదే దగ్గరి దారి.

ఈ రెండు ఊళ్ళ విషయంలో అది మరీ ముచ్చటగా ఉంటుంది. రేఖాంశాల తేడా 175 డిగ్రీలకు పైనే, అంటే డాలస్ దాదాపుగా భూమికి మనకు అవతలి వైపున ఉంది. అందుకే దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. లెక్క కట్టి చూస్తే ఆ గీత వరుసగా వెళ్ళే చోట్లు ఇవి: హైదరాబాద్ నుంచి కొంచెం పడమరకు వాలిన ఉత్తరంగా బయలుదేరి ఢిల్లీ పక్కన నోయిడా మీదుగా, కారాకోరంలో కె2 శిఖరం చుట్టుపక్కల నుంచి, కష్గర్ దగ్గరగా, బిష్కెక్‌కీ అల్మాటీకీ నడుమగా, సైబీరియాలో ఓమ్స్క్ నగరం మీదుగా, ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల మీదుగా ఆర్కిటిక్‌లోకి. అక్కడ 85.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కుతుంది. ధ్రువానికి అక్కడి నుంచి 525 కి.మీ. మాత్రమే. ఆ తర్వాత ఎల్స్‌మియర్ దీవి, హడ్సన్ బే పడమటి అంచు, మిన్నెసోటా, ఒమాహా, ఓక్లహోమా, డాలస్.

చదునైన పటంలో పైభాగాన్ని సాగదీసి గీస్తారు కాబట్టి ఈ దారి చుట్టుదారిలా కనిపిస్తుంది.

#5 బ్లాక్_టైమ్

"ఫ్లైట్ టైమ్ 16 గంటలు" అన్న అంకె ఎలా పుట్టిందో చెప్తాను. 14,420ని 900తో భాగించారు, అంతే. ఆ 900 వేగం తప్పు కాదు. పెద్ద విమానాలు మాక్ 0.84 దగ్గర, అంటే ధ్వని వేగంలో 84 శాతంతో ఎగురుతాయి, 36 వేల అడుగుల పైన గాలి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 56 ఉంటుంది కాబట్టి అక్కడ ఆ వేగం గంటకు 890–900 కి.మీ. కానీ ఆ భాగహారంలో లేనివి నాలుగు ఉన్నాయి: హైదరాబాద్–డాలస్ నాన్‌స్టాప్ విమానం లేదు, గాలి లెక్కలోకి రాలేదు, విమానం గీత గీసినట్టు వెళ్ళదు, గేటుకూ రన్‌వేకూ మధ్య విమానం నేల మీద నడిచే (ట్యాక్సీ) సమయం కలపలేదు.

దుబాయ్ మీదుగా అనుకుని అసలు లెక్క వేద్దాం. హైదరాబాద్–దుబాయ్ 2,550 కి.మీ. దుబాయ్–డాలస్ 12,920 కి.మీ. రెండో ముక్క చూడండి. దారుల వంపులకు 3 శాతం కలిపితే సుమారు 13,300 కి.మీ. వెళ్ళేటప్పుడు సగటున గంటకు 40 కి.మీ. ఎదురుగాలి ఉందనుకుంటే నేల మీద వేగం 860. అంటే గాల్లో 15 గంటల 28 నిమిషాలు. రన్‌వేకి వెళ్ళడం, దిగాక గేటుకు చేరడం, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మదిగా పోవడం అన్నీ కలిపి 35–40 నిమిషాలు. మొత్తం 16 గంటల పైచిలుకు. టికెట్ మీద రాసేది ఇదే. గేటు వదిలిన నిమిషం నుంచి గేటుకు చేరిన నిమిషం దాకా. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు.

అదే దారి తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి 40 ఉంటే వేగం 940. గాల్లో 14 గంటల 9 నిమిషాలు, మొత్తం 14:45 చుట్టూ. కిలోమీటర్లు అవే, తేడా గంటంబావు పైన.

హైదరాబాద్–దుబాయ్ ముక్కలో కూడా అంతే. వెళ్ళేటప్పుడు సుమారు 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర.

#6 కొత్త_సభ్యుడు_విజయనగరం

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా. అలాగైతే పడమరకు పోయే విమానానికి డాలస్ ఎదురొచ్చి తొందరగా చేరాలి. మరి పడమరకే ఎక్కువ సేపు ఎందుకు పడుతోంది?

#7 బ్లాక్_టైమ్

భూమితో పాటు గాలి కూడా తిరుగుతోందండీ. విమానం ఈదేది ఆ గాలిలోనే. కదిలే రైలు పెట్టెలో ఈగ ఎటు ఎగిరినా దానికి ఒకే శ్రమ, అలాంటిదే ఇదీ. తేడా తెచ్చేది జెట్ స్ట్రీమ్. మధ్య అక్షాంశాల్లో, 30 నుంచి 60 డిగ్రీల మధ్య, 30–40 వేల అడుగుల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే గాలి నది అది. చలికాలంలో గంటకు 200 కి.మీ. దాటిన చోట్లు మామూలుగానే ఉంటాయి. ధ్రువప్రాంతం దగ్గర దారి ఎంత ఎక్కువ ఉంటే ఈ గాలి ప్రభావం అంత తక్కువ, అందుకే నేను పైన సగటు 40 అని తీసుకున్నాను.

ఇంకొకటి గమనించండి. హాంకాంగ్ మీదుగా పసిఫిక్ దాటి డాలస్ వెళ్తే ఈ లెక్క తలకిందులవుతుంది. వెళ్ళేటప్పుడు తూర్పుకు పోతారు కాబట్టి గాలి సాయం, వచ్చేటప్పుడు ఎదురు.

#8 గోళం_దారం

ఎటు మీదుగా దగ్గర అన్నారు కదా, విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి అతి దగ్గరి గీతలు కలిపి లెక్క వేశాను. పదుల కి.మీ. అటూ ఇటూ వదిలేయండి.

దుబాయ్: 2,550 + 12,920 = 15,470
దోహా: 2,910 + 12,750 = 15,660
లండన్ హీత్రో: 7,750 + 7,630 = 15,380
ఫ్రాంక్‌ఫర్ట్: 7,120 + 8,260 = 15,380
హాంకాంగ్: 3,750 + 13,050 = 16,800
ఢిల్లీ, అక్కడి నుంచి చికాగో: 1,270 + 12,020 + 1,290 = 14,580

లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, దుబాయ్ మధ్య తేడా 90 కి.మీ., అంటే ఆరు నిమిషాల ఎగురుడు. కాబట్టి "యూరప్ మీదుగా దగ్గర", "గల్ఫ్ మీదుగా దగ్గర" అనే వాదనకు దూరం విషయంలో అర్థం లేదు. ఇక చివరి వరుస చూడండి. ఢిల్లీ సరిగ్గా గీత మీదే ఉంది, చికాగో కూడా పెద్ద దూరం లేదు. అందుకే రెండు చోట్ల ఆగినా నేరుగా పోయే గీత కన్నా 160 కి.మీ. మాత్రమే ఎక్కువ. కానీ గంటల్లో ఇదే ఎక్కువ పడుతుంది. ఆగే చోటు ఒక్కటి పెరిగితే తక్కువలో తక్కువ రెండు గంటలు చేరతాయి, అవి 1,800 కి.మీ. ఎగరడంతో సమానం. మీకు కనిపించిన 27 గంటల టికెట్ బహుశా ఇలాంటి రెండు కనెక్షన్లదో, పొడుగు లేఓవర్‌దో (మధ్యలో ఆగే సమయం) అయ్యుంటుంది.

#9 టికెట్_కౌంటర్

తేదీల చిక్కు విప్పుతాను. డాలస్‌లో గడియారం ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకన్నా 10 గంటల 30 నిమిషాలు వెనక. మిగతా నెలల్లో 11 గంటల 30 నిమిషాలు వెనక. దుబాయ్ ఏడాది పొడుగునా గంటన్నర వెనక.

వేసవి టికెట్ ఒకటి ఉదాహరణగా తీసుకోండి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి బయలుదేరి నాలుగు గంటల తర్వాత దుబాయ్ సమయం 6:50కి చేరతారు. రెండు గంటలు ఆగి 8:50కి ఎక్కుతారు. 16 గంటల 10 నిమిషాలు ఎగిరితే దుబాయ్ గడియారంలో అర్ధరాత్రి దాటి 1:00. డాలస్ దానికి 9 గంటలు వెనక, అంటే అదే రోజు సాయంత్రం 4:00. సరిచూసుకోవడం ఇలా: డాలస్ 16:00 కి 10:30 కలిపితే హైదరాబాద్‌లో మర్నాటి 2:30. అందులోంచి 4:20 తీస్తే 22 గంటల 10 నిమిషాలు. మీరు చూసిన అంకె అదే.

తిరుగు ప్రయాణం. శనివారం సాయంత్రం 6:30కి డాలస్‌లో ఎక్కారు. 14:40 ఎగిరి దుబాయ్‌లో ఆదివారం సాయంత్రం 6:10కి దిగారు. రాత్రి 10:00కి ఎక్కి 3 గంటల 25 నిమిషాల తర్వాత హైదరాబాద్‌లో సోమవారం 2:55. మొత్తం 21 గంటల 55 నిమిషాలే, కానీ తేదీల్లో రెండు మారాయి. విమానాశ్రయానికి కారు పంపేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. "సోమవారం 2:55" అంటే ఆదివారం రాత్రి భోజనం చేసి బయలుదేరాలి, సోమవారం రాత్రి కాదు. టికెట్‌లో సమయం పక్కన "+1", "+2" అని ఉంటుంది, అది బయలుదేరిన రోజు నుంచి లెక్క.

#10 కూకట్‌పల్లి_కనెక్ట్

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. టికెట్ నవంబరు 20న. 10:30 తేడాతో లెక్క వేస్తే మొత్తం 21:10 వచ్చింది, టికెట్ మీద 22:10 ఉంది. సైట్‌దే తప్పా?

#11 టికెట్_కౌంటర్

సైట్ సరిగ్గానే ఉంది. నవంబరు మొదటి ఆదివారం అయిపోయింది కదండీ, తేడా 11:30. ఆ గంటే మీకు తగ్గింది. చలికాలపు షెడ్యూల్‌లో దిగే సమయమో, ఎక్కే సమయమో ఒక గంట జరిగి ఉంటుంది. యూరప్ మీదుగా కొనేవాళ్ళకు ఇంకో మెలిక: అక్కడ గడియారం మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం మారుతుంది, అమెరికాలో మారే తేదీల్లో కాదు. ఆ మధ్య వారాల్లో లండన్–డాలస్ తేడా ఆరు గంటలకు బదులు ఐదే ఉంటుంది.

#12 నాచారం_నవ్య

మరి డాలస్‌కి ఇంతమంది తెలుగువాళ్ళు ప్రయాణిస్తుంటే నాన్‌స్టాప్ ఎందుకు పెట్టరు? అంత దూరం ఎగరలేవా?

#13 డిస్పాచ్_డెస్క్

ఎగరగలిగేవి ఉన్నాయి. సింగపూర్–న్యూయార్క్ కెన్నెడీ 15,300 కి.మీ. పైనే, ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ (అతి దూర ప్రయాణాల రకం) రోజూ ఎగురుతోంది. హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా చికాగోకు బోయింగ్ 777-200ఎల్ఆర్‌తో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, దూరం సుమారు 13,290 కి.మీ. తర్వాత అది ఆగిపోయింది. డాలస్ ఇంకో 1,130 కి.మీ. దూరం.

చిక్కు ఎక్కడంటే, కాగితం మీద రేంజి (ఆగకుండా ఎగరగల దూరం) వేరు, నిండా జనం, సామానుతో రేంజి వేరు. 777-300ఈఆర్‌కి కంపెనీ చెప్పే రేంజి 13,650 కి.మీ., 787-9కి 14,010. అంటే 14,420 గీతే వాటికి అందదు, వంపులు, ఎదురుగాలి, అత్యవసరానికి ఉంచే రిజర్వు ఇంధనం ఇంకా కలపనే లేదు. 777-300ఈఆర్ గంటకు 7–8 టన్నుల ఇంధనం తాగుతుంది. పదహారు గంటలకు నింపే ఇంధనంలో చెప్పుకోదగ్గ భాగం, మిగతా ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. అందుకే చివరి వెయ్యి కిలోమీటర్లే అన్నింటికన్నా ఖరీదు. ఆ దూరం కోసం సీట్లు ఖాళీగా వదలాలి, లేదా కార్గో దించాలి. మధ్యలో దుబాయ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దించి మళ్ళీ నింపితే ఆ భారం ఉండదు.

ఇక గీత దాటే నేల సంగతి. గోళం_దారం గారు రాసిన దారిలో కె2 ఉంది, 8,611 మీటర్లు. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే ప్రయాణికుల ఆక్సిజన్ మాస్కులు పని చేసేది సుమారు 12 నుంచి 22 నిమిషాలు. ఆలోగా 10 వేల అడుగులకు దిగాలి. కింద 20 వేల అడుగుల పైన కొండలుంటే దిగే చోటేది? అందుకే ఆ దారి వదిలి పక్కగా పోవాలి. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థల విమానాలకు మూసింది, పడమర పక్క కూడా వాటికి మూసుకుపోయింది. ఆ తర్వాత రష్యా. 2022 నుంచి అమెరికా సంస్థల విమానాలు రష్యా మీదుగా వెళ్ళడం లేదు, భారతీయ సంస్థలు వెళ్ళగలవు. అంటే ఈ గీతలో అమెరికా సంస్థకు సైబీరియా అడ్డు, భారతీయ సంస్థకు పాకిస్తాన్ అడ్డు.

హైదరాబాద్–దుబాయ్ దారి మహారాష్ట్ర, అరేబియా సముద్రం మీదుగా పోతుంది. పాకిస్తాన్ మూసివేత ఆ ముక్కను తాకదు.

#14 కొత్త_సభ్యుడు_విజయనగరం

ధ్రువం దగ్గర విమానానికి వేరే ఇబ్బందులు ఏమైనా ఉంటాయా?

#15 డిస్పాచ్_డెస్క్

ఉంటాయి. మొదటిది ఇంధనం గడ్డకట్టడం. అమెరికాలో నింపే జెట్ ఏ మైనస్ 40 దగ్గర, మన దగ్గర నింపే జెట్ ఏ-1 మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ఆర్కిటిక్ మీద బయటి గాలి మైనస్ 65–70 ఉన్న రోజులుంటాయి. రెక్కల్లోని ఇంధనం నెమ్మదిగా చల్లబడుతూ ఆ హద్దుకు మూడు డిగ్రీల దూరంలోకి వస్తే పైలట్ కిందికి దిగి వెచ్చని గాలి వెతకాలి, లేదా వేగం పెంచాలి. రెండిటికీ ఇంధనం ఎక్కువే ఖర్చు. అందుకే అమెరికా నుంచి తిరిగొచ్చే ధ్రువ మార్గం విమానానికి నింపిన ఇంధనం అసలు ఎక్కడ గడ్డకడుతుందో పరీక్షించి ఆ అంకెను పైలట్లకు ఇస్తారు.

రెండోది మాట్లాడటం. భూమధ్యరేఖ మీద నిలిచి ఉండే ఉపగ్రహాలు 82 డిగ్రీలు దాటాక కనబడవు, ఎక్కువగా హెచ్‌ఎఫ్ (చాలా దూరం అందే షార్ట్‌వేవ్) రేడియో మీద ఆధారపడాలి. సౌర తుఫాను ఉన్న రోజు ఆ రేడియో కూడా పని చేయదు కాబట్టి అలాంటప్పుడు దారి దక్షిణానికి మార్చేస్తారు, అరగంటో ముప్పావుగంటో పెరుగుతుంది.

2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 11న బెంగళూరులో దిగిన ఎయిర్ ఇండియా విమానం ధ్రువం మీదుగానే వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నడిపారు, మన పాపగారి తన్మయి కూడా ఆ పైలట్లలో ఒకరు. ఆ రెండు ఊళ్ళ మధ్య దగ్గరి గీత సుమారు 13,990 కి.మీ. ప్రయాణం దాదాపు 17 గంటలు. దగ్గరి గీతను అంటిపెట్టుకుని ఏ డిస్పాచరూ దారి వేయడు. ఆ రోజు గాలి ఎటు వీస్తుందో చూసి, ఎక్కువ కిలోమీటర్లైనా తక్కువ ఇంధనం పట్టే దారి వేస్తాడు.

#16 ఫ్రిస్కో_తెలుగు

దిగిన తర్వాత పట్టే సమయం కూడా ప్రయాణంలో భాగమే, అది టికెట్‌లో ఉండదు. డాలస్‌కు నేరుగా దిగే విమానమైతే ఇమ్మిగ్రేషన్ అక్కడే, టెర్మినల్ డీలో. మధ్యలో చికాగో, బోస్టన్, న్యూయార్క్ లాంటి చోట దిగి దేశీయ విమానం ఎక్కేలా ఉంటే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ ఆ మొదటి ఊళ్ళోనే. పెట్టెలు బెల్ట్ మీదినుంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించి, మళ్ళీ సెక్యూరిటీ గుండా వెళ్ళాలి. దానికి రెండు గంటల లేఓవర్ చాలదు, మూడు గంటలు ఉండేలా కొనండి. పెద్దవాళ్ళకైతే తప్పకుండా.

తిరుగు ప్రయాణంలో ఢిల్లీ మీదుగా వస్తే అక్కడ కూడా ఇదే తంతు: ఇమ్మిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్, ఆ తర్వాతే హైదరాబాద్ విమానం. డిసెంబరు, జనవరుల్లో ఢిల్లీ పొగమంచు ఉదయపు విమానాలను గంటల తరబడి ఆపుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా డాలస్‌లో సాయంత్రం ఉరుములతో గాలివానలు, దిగాల్సిన విమానాలు గాల్లో చక్కర్లు కొట్టడం మామూలే. ఆ నెలల్లో డాలస్ దిగాక ఇంకో ఊరికి కనెక్షన్ ఉంటే చివరి విమానం పట్టుకునేలా కొనకండి.

#17 టికెట్_కౌంటర్

పెద్దవాళ్ళ టికెట్ కాబట్టి ఇంకొన్ని.

అన్ని ముక్కలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే వెయ్యి, రెండు వేలు మిగులుతాయేమో గానీ మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే రెండో సంస్థకు బాధ్యత లేదు, కొత్త టికెట్ మీరే కొనాలి. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో సీటు ఇవ్వాల్సింది వాళ్ళే, అమెరికాలో మొదట దిగేది డాలస్‌లోనే అయితే పెట్టెలు కూడా హైదరాబాద్‌లో ఇచ్చేసి డాలస్‌లో తీసుకోవచ్చు.

వీల్‌చైర్ టికెట్ కొనేటప్పుడే అడగండి, ప్రయాణానికి 48 గంటల ముందు ఫోన్ చేసి అది బుకింగ్‌లో ఉందో లేదో చూసుకోండి. వీల్‌చైర్ వాళ్ళను గుంపుగా తీసుకెళ్తారు, ఒక్కొక్కరి కోసం ఆగుతూ పోతుంది. గంటా ఇరవై నిమిషాల లేఓవర్ నడిచే మనిషికి సరిపోవచ్చు, వీల్‌చైర్‌కు సరిపోదు. రెండున్నర నుంచి నాలుగు గంటలు మంచి లేఓవర్. హీత్రోలో టెర్మినల్ మారాల్సి వస్తే బస్సు, మళ్ళీ సెక్యూరిటీ ఉంటాయి.

"డైరెక్ట్", "నాన్‌స్టాప్" ఒకటి కాదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు ఒకటే, మధ్యలో దిగి ఆగవచ్చు.

ట్రాన్సిట్ వీసా, అంటే మధ్యలో విమానం మారే దేశం అడిగే వీసా. యూరప్ మీదుగా కొనేముందు పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా చెల్లుబాటులో ఉందా చూడండి. చాలా దేశాలు చెల్లే అమెరికా వీసా ఉన్నవాళ్ళను వదిలేస్తాయి. కానీ అక్కడ ఉద్యోగం చేస్తూ పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా ముద్ర (స్టాంపింగ్) గడువు తీరినవాళ్ళు ఇండియాకు వచ్చేటప్పుడు ఆ మినహాయింపు వర్తించకపోవచ్చు, చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఆ దేశపు ప్రభుత్వ సైట్‌లో నిబంధన చదివాకే డబ్బు కట్టండి.

అమెరికా విమానం గేటు దగ్గర ఇంకోసారి తనిఖీ చేస్తారు. చేతి సంచిలో 350 మి.లీ. పరిమాణం దాటిన పొడులు ఉంటే విప్పి చూస్తారు, ఆపేయొచ్చు కూడా. కందిపొడి, నువ్వులపొడి, కారప్పొడి పెద్ద పెట్టెలోకి. ఆవకాయ వాళ్ళ లెక్కలో ద్రవం, 100 మి.లీ. దాటితే చేతి సంచిలో కుదరదు. అదీ పెద్ద పెట్టెలోకే, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో.

#18 కూకట్‌పల్లి_కనెక్ట్

ఒక్క ప్రశ్న మిగిలింది. రోజూ ఉదయం 8కి బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు ఈ 22 గంటల్లో ఎప్పుడు వేసుకోవాలి? గడియారం రెండుసార్లు మారుతుంది కదా.

#19 ఫ్రిస్కో_తెలుగు

చేతి గడియారం డాలస్‌లో దిగేదాకా ఇండియా సమయంలోనే ఉంచమనండి, ఫోన్ తనంతట తాను మారినా సరే. పైన చెప్పిన తెల్లవారుజాము 4:20 విమానంలో ఇండియా సమయం ఉదయం 8 అంటే దుబాయ్‌లో 6:30, ఇంకో ఇరవై నిమిషాల్లో దిగుతారు. మాత్ర అప్పుడే వేసుకోవచ్చు. తర్వాతి మాత్ర ఇండియా లెక్కలో మర్నాడు 8కి రావాలి. డాలస్‌లో అది వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 8:30. మళ్ళీ ఉదయపు అలవాటులోకి ఎలా మార్చాలో బయలుదేరేముందే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకైతే మోతాదు కూడా మారొచ్చు కాబట్టి డాక్టర్ మాట లేకుండా ఎక్కవద్దు. మందులన్నీ ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలో, ఇంకో మూడు రోజులకు సరిపడా ఎక్కువ పెట్టండి.

పదహారు గంటల ముక్కలో నడవా పక్క సీటు తీసుకోండి. రెండు గంటలకోసారి లేచి నడవడానికి పక్కవాళ్ళను నిద్ర లేపే మొహమాటం ఉండదు.

#20 కూకట్‌పల్లి_కనెక్ట్

దుబాయ్ మీదుగా, ఒకే పీఎన్ఆర్, మూడు గంటల ఐదు నిమిషాల లేఓవర్ ఉన్నది కొన్నాను. మొత్తం 23 గంటల 15 నిమిషాలు. నవంబరు కాబట్టి 11:30 తేడాతో సరిచూశాను, సరిపోయింది. అందరికీ ధన్యవాదాలు.

#21 టికెట్_కౌంటర్

మంచి ఎంపిక. బయలుదేరేముందు వారం రోజుల్లో ఒకసారి, ముందురోజు ఒకసారి పీఎన్ఆర్ తెరిచి సమయాలు చూడండి. షెడ్యూల్ పది, ఇరవై నిమిషాలు జరిగితే మెయిల్ మాత్రమే పంపుతారు, అది చాలాసార్లు ప్రమోషన్ల ఫోల్డర్‌లో పడుతుంది.